అన్న పేరు కింద ఒక మాట

హలో… ఆ, నేనే వదినా. దిల్‌సుఖ్‌నగర్ల ఉన్న, ఫ్లెక్సీ దుకాణంల. … లేదు, ప్రింటు ఇంక కొట్టలే. కంప్యూటర్ మీదనే ఉన్నది.

ఫొటో మంచిగొచ్చింది. … ఆ, మీ చెల్లె పెండ్లిల దిగిందే. పక్కన నువ్వుంటివి, నిన్ను కోసేసిండ్రు. … నవ్వుతున్నడు. ఏం చేస్త, మా అన్నది నవ్వని ఫొటో ఒక్కటన్న లేదాయె.

జర విను. ఒక మాట అడగాలె. … సప్పుడైతుందా? పైనుంచి మెట్రో పోతుంది. … ఆ, పోయింది.

అన్న పేరు కింద 'చేనేత నిపుణులు' అని ఉన్నది.

… నేను చెప్పలే. వీళ్లే పెట్టిండ్రు. మన పద్మశాలోళ్లకు అందరికీ ఒకటే నమూనా ఉన్నదట. ఎవలు పోయినా ఫొటో మార్చుడు, పేరు మార్చుడు. కింద గీ మాట అట్లనే ఉంచుడు. … ఆ, మీ పెద్దబావ పోయినప్పుడు గూడ గిదే. ఆయనకు సరిపోయింది. ఆయన నేసిండు.

… ఉంచాల్నా? సోయిల ఉండే మాట్లాడుతున్నవా వదినా? రేపు పదోదినానికి సగం పోచంపల్లి మన మీర్‌పేట్ల దిగుతది. గల్లీ మొదట్లనే గిది కట్టి ఉంటది. మగ్గం మీదికెల్లి లేచొచ్చేటోళ్లు వాళ్లు. … నవ్వరా? అవును, నవ్వరు. పెదవులు బిగబట్టుకుంటరు. గది ఇంక అధ్వాన్నం.

మీ నాయినే గదా అన్నది, 'బ్రహ్మం, నువ్వు మగ్గం దిగు, నా పోగులు పాడైతున్నయ్' అని. పెండ్లైన కొత్తల. నలుగురి ముంగట. … అన్నడు వదినా. నేనాడనే ఉంటి.

… నాకేం కోపం లేదు. ఎవరి మీద లేదు. అన్న పోయినకాడికెల్లి నాకేం అయితనే లేదు. అన్నం పెడితే తింటున్న. పండుకొమ్మంటే పండుకుంటున్న. గంతే.

ఆగు, గీ అమ్మ ఏందో అంటుంది. … … అమల అని, గీమెనే డిజైన్ చేస్తది. ఆంధ్రామె. 'వేరే మాట పెడదామండీ, నే చూసి చెప్తాగా' అంటుంది. ఫోన్ల స్కిల్ అని కొట్టింది. … స్కిల్ వదినా. పనితనం. దానికి ఎన్ని పేర్లున్నయో అన్నీ చూపిస్తదట గా ఫోను. ఏడో తరగతిల బడి ఇడ్సిపెట్టినోన్ని, ఏది బాగుందో నన్ను చెప్పమంటుంది.

చదువుతున్న, విను. ఎక్స్‌పర్ట్. … ఏ పనిల? ఏసీలలా? వనస్థలిపురంల జోగారావు సారింట్ల అన్న ఏసీ బిగిస్తే నీళ్లన్నీ మంచం మీదికే కారె. సారు మంచం మీద గొడుగేసుకొని కూసోని ఫోన్ చేసె. … నవ్వకు. … పోనీ నవ్వు. నవ్వొస్తే నవ్వు.

మాస్టర్. … టైలర్ మాస్టర్ అనుకుంటరు. గదీ చేసిండు గదా. నీ రైకకు రెండు చేతులూ ఎడమచేతివే కుట్టె. … ఏసుకున్నవా? గట్లనే? … ఆ.

టాలెంటెడ్. … పాటల పోటీలకు పోయే పిల్లలను అంటరు గది. యాభైకి దగ్గరవడ్డోన్ని అంటే ఏం బాగుంటది.

ఎక్స్‌పీరియన్స్‌డ్. … గిది నిజమే. అన్ని పనులూ చూసిండు. ఏ పనీ ఆయన్ను చూడలే.

అమ్మా, తెలుగుల ఏమన్న ఉంటే చెప్పు. … ప్రవీణుడు. … పరీక్ష పాసైనట్టున్నది. సిద్ధహస్తుడు. … అంటే ఏందమ్మా? … చెయ్యి తిరిగినోడా? వదినా, చెయ్యి తిరిగినోడట. ఇక్కడికెల్లి ఎల్బీ నగర్ దాక సీదా రోడ్డు. గంత సీదా రోడ్డు మీద షేర్ ఆటో తీస్కపోయి మెట్రో పిల్లర్‌కు గుద్దిండు.

దిట్ట. … ఉస్తాద్. … ఉస్తాద్ అని రాస్తే గల్లీ పోరగాళ్లు ఎవడో వాళ్ల అడ్డా పెద్దమనిషి పోయిండనుకుంటరు.

ఒక్క పనితనానికి లోకంల గిన్ని పేర్లున్నయి వదినా. మా అన్నకు ఒక్కటి అంటుతలేదు.

… ఎల్బీ నగర్ చీరల షోరూమా? అక్కడ సేల్స్‌మన్ గూడ కాదు గదా. గిరాకీ చూసి పడేసిన చీరలు మళ్ల మడత పెట్టెటోడు. పోచంపల్లోడు పోచంపల్లి చీరలు మడత పెట్టుడు. ఆ మడత చేతుల ఉండంగనే కూలబడె. గదేం రాయిస్తం.

ఉత్త పేరు పెడదాం. పేరు, ఊరు, తారీఖు. … ఎందుకొద్దు? … … ఏడ్వకు. … మీ అక్కలు చూస్తే ఏంది? 'యాదలక్ష్మి మొగడు ఏం చేస్తడు' అని వాళ్లు అడుగుడు కొత్తనా? … … ఆ. బతికినన్ని దినాలు ఏమీ కాదనిరి, పోయినంక గూడ ఏమీ కాదని నేనే రాయించాల్నా అంటవు. … సమజైంది. ఏడ్వకు.

… ఎవరు? … మీ నాయిన ఎప్పుడొచ్చిండు? … పక్కనే ఉన్నడా? అన్నీ ఇన్నడా? … వద్దు, ఫోన్ ఇయ్యకు. నేనేం మాట్లాడాలె ఆయనతోని… వదినా —

దండం మామా. … ఆ, మధుకర్‌నే. … అవును, నిపుణులు అని. వీళ్ల తప్పు. తీసేపిస్తున్న. మీకు తలవంపులు రానియ్య, పరేషాన్ గాకుండ్రి. … …

ఏందీ?

… అన్ననా? పోచంపల్లికి, మీ ఇంటికొచ్చెటోడా? … షోరూం సెలవున్నప్పుడల్లనా? ఉప్పల్ల దోస్తు కాడికి పోతున్న అని చెప్పెటోడు మాకు.

… మగ్గం మీద.

… మీరే కూసోనిచ్చిండ్రా. … ఏడాది సంది. … మరి మాకెందుకు చెప్పలే మామా? … వద్దన్నడా. మంచిగొచ్చినంక నేనే చెప్త అన్నడా. … ఆ. గట్లనే అంటడు.

వచ్చిందా మామా?

… నిజం చెప్పుండ్రి. పోయిండని చెప్పి మంచిగ చెప్పకుండ్రి. … రాలే. … ఏనుగుల బొమ్మల చీర ఎత్తుకున్నడా. … తల ఒక దిక్కు, తొండం ఒక దిక్కు. … ఆ. రంగుల పోగు ఎంటికంత జరిగినా బొమ్మ చెదురుతది గదా. … ఒక్కటన్న కలవలే. … … ఆఖరుకా? ఆఖరుకు ఏంది? … చెవి.

ఒక్క చెవి కలిసిందా.



మరి ఏం రాయాలె, మీరే చెప్పుండ్రి. నిపుణులు ఒద్దు. … అవును, మగ్గం ఎరిగినోళ్ల ముంగట అబద్ధం ఒద్దు. … ఉత్త పేరు గూడ ఒద్దా. మరి? … … గట్ల రాస్తరా మామా ఎక్కడన్న? పోయినోని పేరు కింద? … … అడిగితే మీరే రాయిపిచ్చిండ్రని చెప్త. … సరే. సరే మామా.

అమ్మా, అమలమ్మా. నిపుణులు అన్న మాట తీసెయ్యి. ఆ జాగల ఏం రాస్తవంటే — మగ్గం నేర్చుకుంటుండె. … ఆ, నేర్చుకుంటుండె. … కాదు, విద్యార్థి కాదు. … ట్రైనీ కాదమ్మా. ఆ ఫోను జర పక్కకు పెట్టు. … నేర్చుకుంటూ ఉండేవారు? వారు ఎందుకమ్మా… … ఉండనియ్యి. వారు ఉండనియ్యి. బతికుండంగ ఎవ్వడనలే ఆయన్ను ఆ మాట.

మామా, వదినకు ఇయ్యుండ్రి.

వదినా. ఇన్నవా. … నీకు గూడ ఎరుకలేదా. … ఆ. … చదువుతున్న. 'కీర్తిశేషులు బ్రహ్మం. మగ్గం నేర్చుకుంటూ ఉండేవారు.' … … …



… మీ అక్కలు అడుగుతరు మల్ల, గిదేం రాత అని. … నువ్వే చెప్తవా? … చెవి గురించా. … చెప్పు. కలవని ఏనుగుల గురించి గూడ చెప్పు.

ఇంకేమన్న కలపాల్నా? … వద్దా. … సరే వదినా. పెట్టేస్తున్న.

ప్రింటు కొట్టమ్మా.