వెనక చక్రం

పామర్రులో మొయినుద్దీన్ మెకానిక్ షెడ్డు. ఎలీషా తన బండి తెచ్చి సెంటర్ స్టాండు వేశాడు. అతని భార్య సరోజిని రోడ్డుకి అవతల బల్ల మీద కూర్చుంది.

“బండి ఎప్పట్నుంచి ఊగుతోందండీ?” అడిగాడు మొయినుద్దీన్.

“నెలనుంచి. మా ఆవిడ వెనక కూర్చుంటే ఎక్కువ ఊగుతుంది. తనకి పక్షవాతం వచ్చి తగ్గిందిలెండి. కుదురుగా కూర్చోలేక ఒరుగుతోందనుకున్నాను.”

“ఆవిడతో ఆ మాట అన్నారా?”

“అన్నానండీ. కదలకుండా కూర్చోమని రోజూ విసుక్కున్నాను. ‘నావల్ల ఇద్దరం పడిపోతాం, ఇక బందరు ఫిజియోథెరపీకి రాను’ అంటోంది. ఇవాళ బతిమాలి తీసుకొచ్చాను.”

“ఇలా రండి. వెనక చక్రం పట్టుకుని అటూ ఇటూ లాగండి.”

“అమ్మో, ఇంత కదులుతోందేంటి!”

“చక్రం మధ్యన హబ్‌లో బేరింగులు అరిగిపోయాయి. వెనక మనిషి కూర్చుని బరువు పడితే ఇంకా ఊగుతుంది. ఆవిడ తప్పేం లేదండీ.”

“ఆవిడ తప్పు కాదా?”

“కానే కాదు. గంటలో కొత్తవి వేసేస్తాను.”

“ఆగండి మొయినుద్దీన్ గారూ, అప్పుడే విప్పకండి. ముందు ఆవిణ్ణి తీసుకొస్తాను. తన చేత్తో కదిపి చూడాలి.”

మొయినుద్దీన్ పానా కింద పెట్టి, చక్రం పక్కన స్టూలు వేశాడు.