అప్పలనరసింహం గారు సెలవు పెట్టిన రోజు

ఈ నాలుగు మాటలు రాస్తున్న దేముడమ్మకు అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే: ఎనిమిదో తరగతిలో తన చదువు ఆగినట్టే, చెల్లెలు గౌరీశ్వరి చదువూ ఎక్కడో ఒకచోట ఆగిపోతుందేమోనని. ఆ భయాన్ని తీర్చిన మన హెడ్ క్లర్కు శ్రీ అప్పలనరసింహం గారు ఈ 1986 జూన్ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు.

1965 జూలై ఒకటిన, కొరాపుట్ కొండల్లో మన కర్మాగారపు కార్యాలయం ఇంకా రేకుల షెడ్డులో ఉన్న కాలాన, వారు గుమాస్తాగా చేరారు. పదేళ్లకు హెడ్ క్లర్కు అయ్యారు. ఏ కాగితాన్నీ క్రమం తప్పి కదలనివ్వని నియమనిష్ఠలు వారివి. 1982లో, ఇంట్లో పసిబిడ్డను వదిలి బెంగతో డిస్పాచ్‌లో చేరిన దేముడమ్మకు కవరు మీద చిరునామా రాయడం దగ్గరుండి నేర్పినదీ వారే.

ఈ జనవరిలో ఒకనాడు పేపరు పట్టుకొని పరుగున వచ్చారు.

"అమ్మీ! మీ సెల్లి ఎమ్మెస్సీ ఫిజిక్సు కదేటి? ఇటు సూడు!"

అణ్వాయుధాలు దేశదేశాలకూ పాకకుండా అరికట్టే కృషిలో జీవితం మొదలుపెట్టదలచిన పట్టభద్రులకు ఢిల్లీలో ఒక సంస్థ రెండేళ్ల ఫెలోషిప్ ఇస్తోంది! దరఖాస్తు వారే టైపు చేశారు. చేసి, అలవాటు చొప్పున పైన 'త్రూ ప్రాపర్ ఛానల్' అని కొట్టి, అధికారుల ట్రేలో పెట్టేశారు.

పదకొండు రోజులైనా ఆ కవరు డిస్పాచ్‌కు రాలేదు. గడువు నాలుగు రోజుల్లోకి వచ్చింది.

"బాబూ, మా గౌరి కాయితం ఏటయిపోనాది?"

"సెక్యూరిటీ కాడ ఉండిపోయిందమ్మి. అణ్వాయుధం అన్న మాట సూసి బెదిరిపోనారు."

"అది మన ఆఫీసు కాయితమేటి, పైకి పంపడానికి? రేపు సంతకెళ్లాలన్నా పెద్దసారు సంతకం అడుగుతారేటి?"

"తిట్టమ్మి, తిట్టు. ఇరవయ్యేళ్ల అలవాటు. సెయ్యి దానంతటదే కొట్టీసింది."

అని ఊరుకోలేదు వారు. భద్రతాధికారి గది ముందు నిలబడి, "బాంబులు సెయ్యడానికి కాదండి, ఆపడానికి!" అని నచ్చజెప్పి, కవరు విడిపించేసరికి పగలు పదకొండు గంటలయింది. ఊరి తపాలా సంచి పొద్దున్నే కొండ దిగిపోయింది. మర్నాటి సంచిలో వేస్తే ఢిల్లీ చేరేసరికి గడువు దాటుతుంది. ఎన్నడూ సెలవు పెట్టని మనిషి పూట సెలవు రాసి, రాయగడ బస్సెక్కి, సాయంత్రం రైలుకున్న తపాలా బోగీలో కవరు స్వహస్తాలతో అందించి వచ్చారు.

మే నెలలో ఉత్తరం వచ్చింది. గౌరీశ్వరి ఎంపికయింది! డిస్పాచ్ గదిలో దేముడమ్మ వేసిన కేకకు క్యాంటీన్ వాళ్లు కూడా పరుగెత్తుకొచ్చారు.

రాయగడలో స్థిరపడనున్న అప్పలనరసింహం గారు, వారి శ్రీమతి కామేశ్వరమ్మ గారు కీళ్లనొప్పులెరుగని ఒంటితో, నిశ్చింతమైన మనసుతో మనవల పెళ్లిళ్లు చేసి, మునిమనవలను ఎత్తుకొందురు గాక.

చివరగా ఒక మనవి. వచ్చే నెల ఢిల్లీ చేరే గౌరీశ్వరికి అక్కడ తెలిసిన ముఖం ఒక్కటీ లేదు. మీలో పని మీద అటు వెళ్లేవారు దయచేసి ఆ పిల్లను ఒకసారి చూసి రండి; వేళకు తింటోందా, చదువు సాగుతోందా అని అడగండి. ఆ కబురు ముందు రాయగడలో వారికి చెప్పండి. దేముడమ్మకు తరువాత చెప్పినా ఫరవాలేదు.