గుంతలోంచి తీసిన బొమ్మ

కరువు తగ్గిన రెండో ఏడు. మద్రాసు సినిమా కంపెనీలో కెమెరా పని చేసే జిలాని బాషా సొంత ఊరు కోడుమూరు వచ్చి, నాగక్క గుడిసె ముందర కూర్చుని చాలాసేపైంది. ఆమె ఇచ్చిన మజ్జిగ చెంబు చేతిలో అట్లే ఉంది.

"మజ్జిగ తాగకుండా అట్ల పట్టుకోనుండావేంది, జిలానీ?"

"తాగుతాలే అక్కా. ముందు ఒక మాట చెప్పల్ల."

"వచ్చినప్పట్నుంచి చెప్పల్ల, చెప్పల్ల అంటాండావు. చెప్పేది మాత్రం లేదు."

"గంజి కేంద్రం కాడ నేను సినిమా తీస్తి గదా. గ్యాపకముండాదా?"

"లేకేం. గుంత తవ్వించి దాంట్లో దిగితివి. బొక్కలో ఉడుము మాదిరి తల ఒక్కటే పైన. నా కొడుకు తిమ్మడు పడీపడీ నవ్వె."

"ఆ గుంతే అక్కా. ఆ గుంతే."

"గుంతేం జేసె?"

"మా కంపెనీ దొర కెమెరా పందిరి మీద పెట్టమన్యాడు. పై నుంచి తీస్తే మనిషి కుంచించుకపోతాడు, చిప్ప పట్టిన చేయి ఒక్కటే అగుపడతాది. మద్రాసు షావుకార్లు అయ్యో పాపం అంటేనే గదా బియ్యం పంపేది."

"మరి?"

"నేనొద్దంటి. మా ఊరోళ్లు బిచ్చగాళ్ల లెక్క అగుపడగూడదని రోషం. కింద నుంచి తీస్తే బక్కోడు గూడా వస్తాదు మాదిరి అగుపడతాడు. వెనక ఆకాశం తప్ప ఏమీ రాదు. ఎండిన చేను రాదు, గంజికి నిలబడిన వరస రాదు..."

"మంచి పనే గదప్పా. మాకూ మానముండాది."

"మంచి పనా! మద్రాసులో ఆ బొమ్మ ఏసినప్పుడు నేను ఆడనే ఉంటి. ఒక షావుకారు లేసి, కరువు యాడుండాదయ్యా, ఆ పిల్లోడు చూడు, కడుపు నిండి ఎట్లుండాడో, అనె. అందరూ నవ్విరి."

"ఏ పిల్లోడు?"

"ఎవరో... శానామంది ఉండిరి గదా."

"ఏ పిల్లోడు, జిలానీ?"

"తిమ్మడు."

"ఊ."

"పస్తులతో ఉబ్బిన కడుపక్కా అది. కింద నుంచి నిండిన కడుపు లెక్క అగుపడె. చీపురుపుల్లల మాదిరి కాళ్లు బొమ్మలోకే రాలే. ఆ నెల మారంగానే బియ్యం..."

"బియ్యం నిలిచె, గంజి నిలిచె. ఉగాదికి ముందర వాడు పాయె. అది నువ్వు చెప్పాల్నా నాకు?"

"ఇది గుంతలోంచి తీసిందయ్యా అని ఒక్క మాట అనుంటే సరిపోయుండేది. అనలే. బొమ్మ బాగొచ్చిందని దొర భుజం తడితే మురిసిపోతి."

"మురిసిపోతివా."

"తిట్టక్కా. కొట్టు."

"ఆ సంచిలో ఏంది?"

"ఆ ముక్కే. రీలులోంచి కత్తిరించి తెచ్చినా. నీ చేత్తో పొయ్యిలో ఎయ్యి. అందుకే వస్తి."

"ఇట్లియ్యి."

"ఎండకు పెడితే అగుపడతాది. చిన్న చిన్న గళ్లు ఉండాయి చూడు, ఒక్కో దాంట్లో..."

"అగుపడతాండాడు. ఏమప్పా, వీడు మా తిమ్మడేనా?"

"వాడే."

"నా నడుమంత గూడా లేకపాయె. ఎప్పుడూ వాన్ని పై నుంచే చూస్తి. ఈడ చూడు, ఆకాశానికి తల ఆనిచ్చి, వాళ్ల నాయన మాదిరి నిలబడినాడు."

"అది నేను జేసిన మోసమక్కా. పొయ్యిలో ఎయ్యి."

"నోరు ముయ్యి. పెద్దోడైతే ఎట్లుండునో అని రెండేండ్లుగా కండ్లు మూసుకోని దేవులాడతాండా. నువ్వు అప్పుడే తీసి పెట్టుండావు గదప్పా."