సలోమమ్మ బీరువాలో కింద అర

సలోమమ్మ ఆ ఆదివారం పొద్దున ఆరూ ఇరవైకి వాకిట్లో పీటేసుక్కూర్చుని బొమ్మిడాయి చేపలు బూడిదేసి తోముతోందంట. ఆరూ ఇరవై అని ఎట్టా చెప్తున్నావంటారేమో, గోగుల్లంకలో చర్చి మైకు పాట ఎత్తుకునేది అప్పుడే, ఎత్తుకుంది. ఆ పాట వింటా తోముతోందా, రేవు దగ్గర్నుంచి నెహెమ్యా వచ్చాడు. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, తెల్ల బూట్లు. లంకలో ఇసక అంటకుండా నడిచిన మనిషి వాడొక్కడే అనుకో. ఎవరీ నెహెమ్యా అంటే, రేవులో పడవ నడిపి నడిపి పోయిన సీమోను కొడుకు. సలోమమ్మది పక్కిల్లే. ఊళ్ళో వాణ్ణి నెమ్మియ్య అంటారు. టౌన్లో మాత్రం బ్రదర్ నెహెమ్యాగారు, పెద్ద పెద్ద సభల్లో సాక్ష్యం చెప్తాడు, అంటే దేవుడు తన బతుకు ఎట్టా మార్చాడో చెప్తాడు, జనం లేచి నిలబడి స్తోత్రం అంటారు. వచ్చి ఏమన్నాడంటే, “అత్తా, నా పుస్తకం అచ్చయింది. సాయంత్రం మన చర్చిలోనే ఆవిష్కరణ. మొదటి అధ్యాయం నువ్వే చదవాలి. చదివాక నీ బీరువాలో పై అరలో పెట్టాలి” అని, ఆమె చేతులు బూడిదగా ఉంటే పుస్తకం అరుగు మీద పెట్టి, ఫ్లెక్సీ కట్టించాలంటా వెళ్ళిపోయాడంట.

ఇప్పుడు ఈ బీరువా సంగతి చెప్పకపోతే మీకు కథ నడవదు. ఎప్పుడో దొరలున్న రోజుల్లో దొరసానమ్మ ఒకామె ఇచ్చి వెళ్ళిన బీరువా అది, చర్చిలో ఎడమ పక్కన ఉంటది. రెండే అరలు. పై అరలో సాక్ష్యాలు, అంటే నిజంగా జరిగినయి. కింద అరలో కథలు, అంటే కల్పించినయి. దొరసానమ్మ ఒక పద్ధతి పెట్టి పోయింది. ఏ పుస్తకమన్నా పై అరకి ఎక్కాలంటే చర్చిలో అందరి ముందూ ఒక అధ్యాయం చదవాలి, ఆ మనిషిని ఎరిగిన పెద్ద ఒకడు లేచి “నిజమే” అనాలి. మంచి పద్ధతే. కానీ ఏమైందంటే, ఆ “నిజమే” అనే పని పరంజ్యోతి చేతిలో పడింది. సంఘపెద్ద పరంజ్యోతి. ఆయనకి అదో అలవాటైపోయింది. చదవటం ఆగటం తరువాయి, లేవటం, “నిజమే” అనటం, కూర్చోవటం. ఆఫ్రికాలో ఎవర్నో సింహం తినబోయి వదిలేసిందని చదివితే దానికీ లేచి “నిజమే” అన్నాడంట. “నువ్వెప్పుడు చూశావయ్యా సింహాన్ని?” అని సలోమమ్మ అడిగితే, “దొరసానమ్మగారు అబద్ధం పుస్తకం ఇచ్చిపోతారా అక్కా?” అన్నాడంట.

సలోమమ్మకి ఆ బీరువా తాళం అప్పజెప్పి చాలా ఏళ్ళయింది. గురువారం మధ్యాహ్నం ఆడవాళ్ళంతా చేరితే పైకి చదివి వినిపిస్తది, చదివాక తన మాట చెప్తది. ఆ మాటకి లంకలో తిరుగు లేదనుకో. చర్చి అయ్యగారి ప్రసంగం మర్చిపోతారు గానీ సలోమమ్మ అన్నమాట వారమంతా చెప్పుకుంటారు. ఏమంటదంటే, “ఈ పై దేశం కథల్లో కొడుకు తల్లిని ‘ఓ నా ప్రియమైన తల్లీ’ అని పిలుస్తాడే అమ్మాయ్. మన పిల్లాడు అట్టా పిలిస్తే జొరమొచ్చిందేమోనని నుదురు పట్టుకుని చూస్తాం.” ఇంకేమంటదంటే, “మన దేశం కథల్లో చెడ్డవాడు ఎప్పుడూ మోటారుసైకిలు మీంచే పడతాడు. కళ్ళు తెరిస్తే ఆసుపత్రి. పక్కన నర్సు. నర్సు చేతిలో బైబిలు. మందు సీసా ఏ నర్సు చేతిలోనూ లేదు, వాడెట్టా బాగయ్యాడో నాకు తెలవదు.” ఇట్టా అంటది, ఆడవాళ్ళు పైట నోట్లో కుక్కుకుని నవ్వుతారు. అన్నిట్లోకీ ఆమెకి గిట్టంది తాగుబోతు మారిన కథ. “మారటం ఒక్క రాత్రి పని. మారాక ముప్ఫై ఏళ్ళు బతకాలి గదా, పొద్దున లేవాలి, పనికి పోవాలి, పెళ్ళాం మీద కోపమొస్తే మింగాలి. ఆ ముప్ఫై ఏళ్ళ మీద పుస్తకం ఏదే? అసలు ఎన్నడూ తాగనోడి మీద పుస్తకం ఏదే? మంచోణ్ణి రాయటం చేతగాక చెడ్డోళ్ళని రాస్తన్నారు” అంటది. ఆమెకి నచ్చిన పుస్తకం ఒకటే ఒకటి, ఒక బైబిలమ్మ ఊరూరూ తిరిగి సువార్త చెప్పి, ఒక్కళ్ళూ మారకపోతే ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని అన్నం వండుకున్న కథ. ఆడవాళ్ళకి అది నచ్చలా. “ఏం జరగలేదేంటి పిన్నీ ఇందులో?” అన్నారు. “అందుకే నమ్మానే” అందంట.

సరే, ఆ రోజు చేతులు కడుక్కుని పుస్తకం తీసింది. పేరేమో ‘సారా రేవు నుంచి సీయోను దాకా’. అట్ట మీద నెమ్మియ్య బొమ్మ, వెనకాల మంటలు. మొదటి అధ్యాయం చదివింది. చదువుతానే ఉంది, పిల్లి వచ్చి బొమ్మిడాయిలు ఒక్కోటీ పట్టుకుపోయింది, ఆమెకి తెలవనే లేదు. ఆ పుస్తకం వల్ల ఆ రోజు లాభపడింది ఆ పిల్లి ఒక్కటే అనుకో. ఏముందయ్యా అందులో అంటే, వాళ్ళ నాన్న పచ్చి తాగుబోతంట. పెళ్ళాన్ని జుట్టుపట్టి ఈడ్చేవాడంట. ఆ కొంపలో పెరిగి వీడు కత్తి పట్టాడంట. అయ్యా, కోణ్ణి కోస్తే కళ్ళు తిరిగి పడిపోయేవాడు నెమ్మియ్య, సలోమమ్మే మొహాన నీళ్ళు కొట్టేది! ఇక సీమోనంటారా, కల్లు ముంత ఉన్నోణ్ణి పడవెక్కనిచ్చేవాడు కాదు. అది ఒడ్డున పెట్టి రా తమ్ముడూ, మళ్ళీ వచ్చేటప్పుడు తాగుదువుగానీ అనేవాడు. వానలో చీకట్లో ఎవరు కేకేసినా పడవ తీసేవాడు. అట్టాంటి మనిషి.

మరి కొడుకే ఇట్టా ఎందుకు రాశాడు? అది ఒక్క రోజులో జరగలా. మొదట్లో టౌన్లో సాక్ష్యం చెప్పమంటే ఉన్నదే చెప్పాడంట పాపం. మంచి ఇంట్లో పుట్టాను, బళ్ళోకి పోయాను, ప్రార్థన చేసుకున్నాను, ఇదిగో ఇట్టా ఉన్నాను. అంతే, అయిపోయింది. జనం ఆవలించారు. వాడి తర్వాత లేచినాయన ఒకప్పుడు గజదొంగంట, హాలు హాలంతా ఊగిపోయింది. అప్పుడు నెమ్మియ్య ఏం చేశాడంటే, తర్వాత సభలో నాన్న చేత కొంచెం కల్లు తాగించాడు. జనం అయ్యో అన్నారు. ఆ తర్వాత సభలో సారా పోయించాడు. జనం ఇంకా అయ్యో అన్నారు. ఆ తర్వాత కొట్టించాడు, ఈడ్పించాడు. బతికున్నన్నాళ్ళూ మంచినీళ్ళే తాగిన సీమోను, పోయాక సభసభకీ పూటుగా తాగుతా వచ్చాడనుకో.

సలోమమ్మ పుస్తకం చంకన పెట్టుకుని చర్చి దగ్గరికి పోయింది. వాడు నిచ్చెన కింద నిలబడి ఫ్లెక్సీ పైకి లాగిస్తన్నాడు. “ఒరే, ఇదేంట్రా?” అంది. “ఏదత్తా?” “మీ నాన్నరా.” వాడు ఇటూ అటూ చూసి, “ఆత్మల రక్షణ కోసమత్తా. ఇది విని ఎంతమంది తాగుడు మానారో నీకు తెలవదు” అన్నాడంట. “వాళ్ళు మానటానికి మీ నాన్న మొదలెట్టాలా?” అంది. “నాన్న పరలోకంలో ఉన్నాడు, ఏవనుకోడత్తా.” “ఆయన అనుకోడు సరే. మీ అమ్మ ఇక్కడే ఉందిగా?” “అమ్మకి చదువు రాదుగా.” “చెవులున్నయ్యిగా!” అంది. వాడు ఫ్లెక్సీ తాడు సరిచేస్తా, అచ్చయిపోయింది, అయ్యగారు కూడా మొదటి అధ్యాయమే చదవాలన్నారు, నువ్వు చదవకపోతే మా టౌను బ్రదర్ చేత చదివిస్తాను, అతను ఏడుస్తా చదువుతాడు అన్నాడంట. చిక్కెక్కడంటే, రూతమ్మ, అంటే వాడి తల్లి, వారం నుంచీ వాడవాడంతా చెప్పుకుంటోంది, మా అబ్బాయి వాళ్ళ నాన్న గురించి పుస్తకం రాశాడంట, వదిన చదువుతదంట, ముందు బెంచీలో కూర్చుంటానని. ఉన్నదున్నట్టు చదివితే ఆ ముసలిదాని గుండె ఆగిపోద్ది. దాటేసి చదువుదామంటే సలోమమ్మ పుట్టి బుద్ధెరిగి ఒక్క అక్షరం దాటేసింది లేదు. ఏడుస్తా చదివేవాడి కన్నా నేనే నయం అనుకుని, “నేనే చదువుతా” అనేసింది.

సాయంత్రం చర్చి కిటకిట. సభ అయ్యాక కోడి బిర్యానీ పొట్లాలున్నయ్యని అందరికీ తెలుసు, వాసన కూడా వస్తంది. చర్చికి కొత్త ఫ్యాన్లు ఇచ్చింది కూడా నెమ్మియ్యే, అయ్యి నెత్తిన గిరగిరా తిరగతన్నాయి. సీమోను పడవెక్కని మనిషి ఆ చర్చిలో లేడు. ముందు బెంచీలో రూతమ్మ, నీలం అంచు చీర, ఒళ్ళో చేతులు. సలోమమ్మ కళ్ళజోడు తుడుచుకుని మొదలెట్టింది. రేషను దుకాణంలో పేర్లు చదివినట్టు, ఎత్తూ పల్లం లేకుండా చదివిందంట. “మా తండ్రి త్రాగుబోతు. సంధ్యవేళ సారా సీసాతో ఇల్లు చేరెడివాడు.” జనం గతుక్కుమన్నారు. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఎవడో వెనక నుంచి అలవాటు మీద స్తోత్రం అన్నాడు. “నా తల్లిని జుట్టు పట్టి వీధిలోనికి యీడ్చెడివాడు.” రూతమ్మ కదల్లేదు. “తుదకు ఆమె చెవుల ఎర్రరాళ్ళ కమ్మలు సైతం ఊడబెరికి సారాకు అమ్మివేసెను.” అప్పుడు రూతమ్మ చెయ్యి ఒక్కసారి చెవి దాకా పోయి వచ్చింది. చెమట తుడుచుకుంటోంది గామాల అనుకుంది సలోమమ్మ. అట్టా అధ్యాయం అయిపోయింది. ఇక పరంజ్యోతి లేవాలి. లేచాడు. లేచాడే గానీ, రూతమ్మ వంక చూశాడు, బిర్యానీ వాసన వచ్చే వంక చూశాడు, ఫ్యాను వంక చూశాడు, నోరు తెరిచాడు. ఆయన జన్మలో అంత సేపు పట్టటం అదే మొదలంట.

“ఆగు తమ్ముడూ” అని రూతమ్మ లేచింది. కళ్ళెంట నీళ్ళు. “ఒరే నెమ్మియ్యా, ఎవరిదిరా ఈ సాక్ష్యం? ఏ ఊరామెరా ఆ తల్లి? బతికే ఉందా?” అంది. వాడు మైకు పట్టుకున్నాడు, మైకు కుయ్యిమంది. “చెప్పరా, నా కాడికి తీసుకురా ఆమెని. పాపం, అట్టాంటి మొగుడితో ఎట్టా చేసిందో! మీ నాన్న నన్ను ఒసే అని కూడా ఎరగడు. నేను సుఖపడ్డదాన్ని, ఆమెకి రెండు చీరలు పెడతా” అంది. నెమ్మియ్య మొహాన చెమట ధారగట్టింది, పైన కొత్త ఫ్యాను తిరగతానే ఉంది. సలోమమ్మ పుస్తకం మూసి, బీరువా తలుపు తీసి పట్టుకుని, “నాయనా, మీ అమ్మ అడుగుతోంది. చెప్పు. నేను కూడా ఏ అరలో పెట్టాలో తెలవాల” అంది. వాడు తల్లి వంక చూశాడు. చాలా సేపు చూశాడంట. చూసి, “అట్టాంటామె ఎవరూ లేరమ్మా” అన్నాడు. “లేదా?” “లేదమ్మా. కథ.” “కథేనా?” “కథేనమ్మా.” “అబ్బ, బతికించావురా! నిజమేమోనని హడలిపోయా. బాగానే రాశావు” అని రూతమ్మ కూర్చుని కళ్ళు తుడుచుకుంది. పరంజ్యోతి ఇంకా నిలబడే ఉన్నాడు గదా, నిలబడ్డాక ఏదో ఒకటి అనాలి గదా, “నిజమే” అని కూర్చున్నాడు. అయ్యగారితో సహా నవ్వు ఆపుకోలేకపోయారంట.

పుస్తకం కింద అరలోకి పోయింది. ఆ వారం గురువారం ఆడవాళ్ళు అదే చదవమన్నారు, మిగతా అధ్యాయాలు కూడా చదివింది. ఎట్టా ఉంది పిన్నీ అంటే, “కథగా చూస్తే ఫరవాలేదు. తాగుబోతు బాగా కుదిరాడు, తల్లి మాత్రం కుదర్లా” అంది. ఇప్పటికీ ఆ బీరువాలో చేతులు మారీ మారీ అట్ట ఊడిపోయిన పుస్తకం అదొక్కటే. పై అరలో ఉంటే ఎవడు చదివేవాడు చెప్పు, కింద పెట్టబట్టి వాడికి రచయితని పేరొచ్చింది. టౌన్లో సాక్ష్యం ఎట్టా చెప్తన్నాడో మనకెందుకు, మనం వెళ్ళి విన్నామా. ఇంక లేవండర్రా, పొద్దుపోయింది.

అన్నట్టు ఒకటి మర్చిపోయా. నాలుగు రోజులు పోయాక రూతమ్మ చింతాకు పప్పు గిన్నె పట్టుకుని సలోమమ్మ ఇంటికొచ్చిందంట. గిన్నె ఇచ్చి, పోబోతా పోబోతా గుమ్మంలో ఆగి, “వదినా, ఆ పుస్తకంలో కమ్మల సంగతి ఉంది చూడు, అదొక్కటీ నిజం. ఎర్రరాళ్ళవే. మా ఆయనే టౌనుకి తీసుకుపోయి అమ్ముకొచ్చాడు, నెమ్మియ్య బైబిలు బడికి పోతానన్న ఏడు, ఫీజు కట్టటానికి” అంది. అని, చెవి తమ్మె తడుముకుని, “ఊడబెరకలా వదినా, నేనే తీసిచ్చా” అందంట.