గొర్రు ఎనక రైబోజోమ్

“ఇంకోతూరి చెప్పు. ఏం మిషనది?”

“రైబోజోమ్ అత్తా. ఒంట్లో ప్రొటీన్లు తయారుచేసేది.”

“కండ్లకు కనపడనిదానికి పేరు మాత్రం మూరెడు!”

కంబదూరు పక్క పల్లెలో ఆ మధ్యాహ్నమే వాన కురిసింది. తెల్లారితే వేరుశనగ విత్తాలి. ఎద్దులు లాగే గొర్రు వెనక నడుస్తూ, దాని జడ్డిగం గిన్నెలో గింజలు వేయాల్సింది కోడలు జయంతే. తెల్లారితే ఆమెకు ఎమ్మెస్సీ వైవా పరీక్ష కూడా. అత్త కదిరమ్మ నోటికి జడిసి, పరీక్షకు పోతానన్న మాట ఇంకా చెప్పకుండానే విత్తనపు కాయలు ఒలుస్తోంది పాపం.

“దాంట్లో మూడు తావులుంటాయి. టీఆర్ఎన్ఏ అనేది ప్రొటీను గొలుసుకు ఒక పూస మోసుకొచ్చి మొదటి తావులో కూర్చుంటాది. అప్పుడు నడిమి తావులో ముందే కూర్చున్నది తన పూసల గొలుసంతా దానికి తగిలిచ్చి, ఉత్త చేతుల్తో మిగుల్తాది.”

“సంసారమంతా నీ చేతిలో పెట్టి నేను మిగల్లేదా, అట్ల! ఊ, అయినంక?”

“అయినంక మిషను ఒక అడుగు జరుగుతాది. కొత్తది నడిమికొస్తాది. ఉత్త చేతులది వాకిలి తట్టుండే మూడో తావుకు పోయి, ఆన్నుంచి బయటికి పోతాది.”

“ఊరికే జరుగుతాదా? దానికేమన్నా కాళ్లా?”

“అంటే... అది...”

“ఏమ్మే, నోరు పడిపాయనా?”

“ఆఁ! తోసేది ఇంకొకటి ఉండాదత్తా, ఈఎఫ్-జీ అని. అదొచ్చి ముందుకు తోస్తాది, ఎనక్కి జారనీదు.”

“ఎద్దులుండాయని ముందే చెప్పొద్దా! ఎద్దుల్లేకుండానే గొర్రు తోలుతాంటివి గదే!”

“అది చదివే రాతలో అడుగుకు మూడక్షరాలత్తా. ఒక్క అక్షరం జారినా ఆన్నుంచి అంతా తప్పే.”

“ఇంత తెలిసినదానివి పోయినేడు ఏం చేస్తివి? గొర్రు పోతాంటే మబ్బుల్లోకి చూస్తివి, మూడు సాళ్లు బోడిగా పాయ. ఎద్దులు నిలబడితే పిడికెడు గింజలు ఒక్క తావునే పోస్తివి. ఊరంతా నవ్విరి.”

“అత్తా, రేపు...”

“రేపేంది? వాన పదును నీ కోసరం ఆగుతాదా?”

“ఆగదు. వైవా కూడా ఆగదు. ఈతూరి తప్పితే ఏడాది పోతాది. నేను పోవాలత్తా.”

“పోవాలంట! మే, రేపు నువ్వు జడ్డిగం మీద చెయ్యేస్తే ఆ చెయ్యిరగ్గొడతా. వాన పడకముందే పక్కింటి పుష్పావతికి చెప్పిపెట్టినా, మా కోడలికి పరీచ్చ ఉండాది, గింజలు నువ్వెయ్యి అని. ఊ, మొదట్నుంచి చెప్పు. ఈతూరి ఎద్దుల్ని మర్చిపోతివా, చూడు!”