గోడ అవతలి స్పీకరు

హాలు మధ్య కొత్తగా లేచిన గోడ పక్కన భార్య ఉతికిన బట్టలు మడతపెడుతోంది. ఏ వైరుకు ఏ స్పీకరు టప్పుమంటుందో తెలుసుకోవడానికి, ఇల్లు కట్టినప్పుడే స్పీకర్లకు వేయించిన వైర్ల కొసలకు భర్త ఒక్కొక్కటిగా బ్యాటరీ ఆనిస్తున్నాడు.

"టప్పుమందా?"

"ముందువి మూడూ మోగాయి. వెనకవి రెండూ గోడ అవతల మోగుతున్నాయి."

"అవతలా? దగ్గరుండి వేయించింది నేను! అన్నయ్య అప్పనంగా కొట్టేశాడన్నమాట."

"పంపకాలయ్యాక అడ్డంగా గోడ కట్టమన్నది తమరే. స్పీకర్లకు కాళ్లున్నాయా, ఇటు నడిచి రావడానికి?"

"వెటకారాలొద్దు. ఇంకోసారి ఆనిస్తా, సరిగ్గా విను."

"ఇక చాలించండి. వాటిలో ఒకటి అత్తయ్యగారి మంచానికి సరిగ్గా పైన ఉంది. ఆవిడ జ్వరంతో పడుకున్నారు."

"నీకెవరు చెప్పారు?"

"ఒకరు చెప్పాలా? పొద్దుటి నుంచి దగ్గు వినిపిస్తూనే ఉంది. మీ చెవులు వైర్లకే పనిచేస్తాయి."

అతను కసిగా మళ్లీ ఆనించాడు. అవతల నుంచి సన్నటి గొంతు వచ్చింది.

"చిన్నోడా, నువ్వేనా? కాసిని మంచినీళ్లియ్యరా."

"పలక్కు. అన్నయ్య చూసుకుంటాడు."

"బావగారూ అక్కా పనికెళ్లారు. ఆవిడ ఒక్కరే ఉన్నారు."

"ఆ గడప తొక్కావంటే మళ్లీ ఈ ఇంట్లోకి రాకు!"

ఆమె చీర మడత సగంలోనే వదిలేసి, చెంబు నిండా నీళ్లు ముంచుకుని బయటికి నడిచింది.