రెండు మంచాలు పట్టే గది

మూడో అంతస్తులో ఖాళీ గది. లోపల ఓ అమ్మాయి, గుమ్మంలో ఓ పెద్దావిడ.

"అందుకే చెప్తున్నా ఆంటీ, ఇంకోచోట చూసుకోండి. రెండేళ్లుగా ఇక్కడ పాట్లు పడుతున్నదాన్ని, నా మాట నమ్మండి."

"గది ఖాళీ చేస్తున్నది నువ్వేనా?"

"నేనే. సామాను పంపించేశాను. ఈ డ్రాయింగు బోర్డొక్కటే మిగిలింది. ఇంతకీ గది ఎవరికి?"

"మా అమ్మాయికి. లా కాలేజీలో చేరింది. కింద 'చదువుకునే ఆడపిల్లలకు మాత్రమే' అని బోర్డు చూసి పైకొచ్చాను. వాచ్‌మన్ కనపడలేదు."

"టీకెళ్లాడు. ఆడపిల్లకైతే అసలొద్దు. నీళ్లు రావు. పొద్దున కాసేపొస్తాయి, అదీ దారప్పోగులా."

"కుళాయి తిప్పి చూడనా?"

"ఇప్పుడా? ఇప్పుడు రావు... వస్తే మీ అదృష్టం."

"బాగానే వస్తున్నాయే."

"చెప్పాగా, అదృష్టమని. నీళ్ల సంగతి వదిలెయ్యండి, గోడలు చెమ్మ. నేను చదివేది ఆర్కిటెక్చరు, నాకు తెలుసు."

"చెయ్యి పెడితే పొడిగానే ఉందమ్మా."

"లోపల్లోపల చెమ్మ. పైకి కనపడదు. నల్లులు కూడా ఉన్నాయి."

"మంచమే లేదు, నల్లులెక్కడుంటాయి?"

"గోడల్లో. ఇక ఓనరమ్మ సంగతి చెప్పక్కర్లేదు. గట్టిగా తుమ్మితే పైకొచ్చి తిడుతుంది."

"మా అమ్మాయికి తిట్లు అలవాటేలే. ఏదీ, బాత్‌రూములో లైటెయ్యి, ఓసారి చూసిపోతాను."

"లైటా? ఇదీ... కాదు, ఇది ఫ్యాను. ఉండండి, ఇదనుకుంటా."

"వరండాలో వెలిగింది."

"అయితే ఇది."

"రెండేళ్లున్నావన్నావు. స్విచ్చు కోసం గోడంతా తడుముతున్నావేంటమ్మాయ్?"

"అదీ... కరెంటు పనివాళ్లు మొన్నే మార్చారు."

"ముందు అలా కూర్చో. ఇందాకట్నుంచీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నావు."

"నేనూ గది కోసమే వచ్చానాంటీ. వాచ్‌మన్ తాళమిచ్చి చూస్తుండమన్నాడు. సాయంత్రం ఓనరమ్మ వచ్చేసరికి ఎవరి చేతిలో అడ్వాన్సుంటే గది వాళ్లదట. నా దగ్గరున్నది సగానికే సరిపోతుంది. మిగతాది చూస్తానన్న నాన్న ఫోనెత్తట్లేదు. ఇంతలో మీరొచ్చారు. బుర్ర పనిచెయ్యలేదు."

"బాగానే పనిచేసింది. గోడకి చెమ్మ పెట్టావు, గోడలో నల్లుల్ని పెట్టావు, మొహమైనా చూడని ఓనరమ్మకి నోరు కూడా పెట్టావు."

"నవ్వకండి ఆంటీ. నాకు ఏడుపొస్తోంది."

"సరే, నవ్వను. ఇప్పుడెక్కడుంటున్నావు?"

"క్లాస్‌మేటు హాస్టల్లో, దొంగచాటుగా. వార్డెన్ వస్తే బాత్‌రూములో దూరతాను. నిన్న ఆవిడ నా చెప్పులు చూసేసింది. సోమవారంలోగా గది దొరక్కపోతే చదువు మానేసి వచ్చెయ్యమన్నాడు నాన్న. ఇంటి దగ్గర ఏదో ఒక కాలేజీలో పడేస్తాడట. ఈ సీటు కోసం నేనెంత చదివానో ఆయనకేం తెలుసు? తిరగని వీధి లేదు. ఒకచోట ఫోటోలో బాల్కనీ ఉందని పరిగెత్తుకెళ్తే అది ఎదురింటివాళ్లదట. ఇంకోచోట గదిలో ఓనరుగారి పాత ఫ్రిజ్జు, తుప్పుపట్టిన సైకిలు. అవి కదలవట, నేనే వాటి మధ్య సర్దుకోవాలట. మెట్లకింద గూడు చూపించి గదన్నాడు మరొకాయన."

"పచ్చ తలుపు. లోపల నిటారుగా నిలబడితే తల తగులుతుంది."

"అదే! మీరూ వెళ్లారా?"

"ఎక్కడికెళ్లలేదని అడుగు. సర్లే, కళ్లు తుడుచుకుని ఈ టేపు కొస పట్టుకో."

"టేపెందుకాంటీ?"

"బట్టలు కుట్టేదాన్ని. టేపు లేకుండా గడప దాటను. ఆ మూలదాకా వెళ్లు. ఇంకాస్త లాగు. ఆఁ, ఇక్కడో మంచం, కిటికీ పక్కన ఇంకోటి. మధ్యలో నీ బోర్డుకి బల్ల పడుతుంది. ఇరుకే గానీ సరిపోతుంది."

"రెండు మంచాలెందుకు?"

"నా దగ్గరా సగమే ఉందమ్మా. సగం నీది, సగం... మా అమ్మాయిది."

"నిజంగానా? తను ఒప్పుకుంటుందా? నేనిన్ని అబద్ధాలాడానని చెప్పకండి."

"చెప్పను. ఆ విషయంలో అదీ తక్కువదేం కాదు."

"మనిషెలాంటిదాంటీ? లైటార్పితేగానీ నిద్రపట్టదంటే నాకు కష్టం. నేను రాత్రిళ్లు గీసుకుంటాను."

"దానికీ రాత్రిళ్లే చదువు. ఒకే పేజీ రెండుమూడుసార్లు చదివితేగానీ ఎక్కదు. పడుకుంటే కాస్త గురక."

"ఈ వయసులో గురకేంటి?"

"నీకంటే పెద్దదిలే. చదువు మధ్యలో ఆగింది. పెళ్లి చేశారు."

"చేశారా? చేసింది మీరు కాదా?"

"అప్పుడు దాని మాట ఎవరూ అడగలేదమ్మా. ఇన్నాళ్లకి మళ్లీ పుస్తకం పట్టింది. వంట మాత్రం బాగా చేస్తుంది."

"నా నెత్తిన పాలు పోశారు. నాకు నీళ్లు కాయడం కూడా సరిగ్గా రాదు."

"ఒక్కటే దిగులు దానికి. క్లాసులో అందరూ నీ ఈడువాళ్లు. వెనకబెంచీ చివర ఒక్కతే కూర్చుంటుంది. పలకరించే దిక్కుండదు. గది అడగడానికెళ్తే అక్కడా అంతే, ముందు ఎగాదిగా చూస్తారు, తర్వాత నవ్వుతారు."

"నవ్వడమెందుకు? చదువుకునే పిల్లని చూసి ఎవరైనా నవ్వుతారా?"

"ఏమో. నవ్వుతారు. దానికీ అలవాటైపోయింది. అందుకే ఈమధ్య గది తనకోసమని చెప్పడమే మానేసింది."

"ఇష్ష్, ఆంటీ, మెట్లమీద ఎవరో వస్తున్నారు. ఇంకెవరో గది చూడ్డానికేమో. తలుపేసెయ్యనా? ఈసారి నల్లుల సంగతి మీరు చెప్పండి."

"కంగారుపడకు. వాచ్‌మనే, ఆ తాళాలగుత్తి చప్పుడు వినపడట్లేదూ?"

"అయితే ఇప్పుడే చెప్పేద్దాం, గది మాదేనని. చదువుకునే ఇద్దరూ ఎదురుగా ఉంటే తప్ప ఒప్పుకోనంటాడేమో. తనని వెంటనే రమ్మనండి. ఎక్కడుంది? దూరమా?"

"దూరం కాదు."

"మరి ఫోన్ చెయ్యండి. ఏంటాంటీ, ఫోను తియ్యకుండా టేపు చుడుతున్నారు? పోనీ నంబరివ్వండి, నేనే చేస్తాను. ఎవరూ మాట్లాడరని దిగులన్నారుగా, నేను మాట్లాడతాను తనతో."

"ఇందాకట్నుంచీ మాట్లాడుతూనే ఉన్నావు కదమ్మా."